సిమాంకాస్: ఖైదు కోటలో రాచ దస్త్రాలు

స్పెయిన్‌లో వయ్యదోలిద్ నగరం పక్కనే సిమాంకాస్ అనే చిన్న ఊరుంది. అక్కడ 15వ శతాబ్దంలో ఎన్రీకెజ్ వంశీయులు కట్టిన కోట తర్వాత రాజుల చేతికి వచ్చింది. కిట్టని వాళ్లను బంధించడానికి దాన్ని వాడుకున్నారు. 1520లో స్పెయిన్‌లోని కాస్టీల్ రాజ్యపు పట్టణాలు తిరగబడినప్పుడు ముందుండి నడిపిన జమోరా బిషప్ అంతోనియో దె అకూన్యాను ఇక్కడే ఉంచారు. కోట అధికారిని చంపి పారిపోబోయి పట్టుబడ్డాడు. 1526లో ఇక్కడే అతనికి మరణశిక్ష అమలు చేశారు.

అప్పటికి రాజ్యపు కాగితాలకు స్థిరమైన చోటు లేదు. దర్బారు ఊరూరా తిరిగేది. కొన్ని పత్రాలు పెట్టెల్లో వెంట వెళ్లేవి, కొన్ని అధికారుల ఇళ్లలోనే ఉండిపోయేవి. ఆ తిరుగుబాటులో చాలా పోయాయి కూడా. 1540లో స్పెయిన్ రాజు ఐదో చార్లెస్ సింహాసనపు హక్కుల పత్రాలను ఈ కోట బురుజులో పెట్టమన్నాడు. ఆయన కొడుకు రెండో ఫిలిప్‌కు కాగితమంటే ప్రాణం. వచ్చిన నివేదికలు తానే చదివి, అంచుల్లో తానే రాసేవాడు. దియేగో దె అయాలాను దస్త్రాధికారిగా పెట్టాడు, వాస్తుశిల్పి హ్వాన్ దె ఎర్రేరా చేత కోటను మార్పించాడు, 1588లో నిర్వహణకు నియమావళి ఇచ్చాడు. ఇదంతా చరిత్ర మీద మమకారంతో చేశాడనుకుంటే పొరపాటు. భూములు, పన్నులు, ఒప్పందాల మీద వివాదం వస్తే రుజువు చేతిలో ఉండాలన్నదే లెక్క.

దస్త్రాలు వచ్చాక కూడా ఖైదీలు రావడం ఆగలేదు. అప్పట్లో ఫిలిప్ ఏలుబడిలో ఉన్న నెదర్లాండ్స్ నుంచి, అక్కడి ప్రభువుల తరఫున విన్నపంతో వచ్చిన మోంతిన్యీని 1570లో ఫిలిప్ ఆజ్ఞపై ఈ కోటలోనే రహస్యంగా గొంతు బిగించి చంపారు. జబ్బుతో పోయాడని చాటారు. మెడ మీది గుర్తులు కనిపించకుండా శవానికి సన్యాసి అంగీ తొడిగారు. అంత జాగ్రత్తపడిన రాజు ఆ ఉత్తర్వులను మాత్రం తగలబెట్టించలేదు. కాగితం పారేయని అలవాటే ఆయన్ని పట్టించింది. 1844లో ఈ కోటలోని దస్త్రాలను పరిశోధకులకు తెరిచారు. ఆ శతాబ్దంలోనే ఈ హత్య వివరాలు అచ్చయ్యాయి.

అమెరికా వలసల దస్త్రాలు 1785 నుంచి దక్షిణ స్పెయిన్‌లోని సెవిల్‌కు తరలాయి. నెపోలియన్ సేనలు బండ్ల కొద్దీ పత్రాలను పారిస్‌కు పట్టుకుపోయాయి. 1816లో చాలావరకు తిరిగొచ్చాయి. ఫ్రాన్స్‌కు సంబంధించినవి మాత్రం అక్కడే ఆపేశారు. వాటిని ఇప్పించుకోవడానికి స్పెయిన్‌కు 1941 దాకా పట్టింది.