‘తర్వాత రండి’ అంటే నిజంగానే వస్తాం: ఇంటింటికీ తిరిగే మా గురించి అపోహలు - వాస్తవాలు

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి కాలింగ్ బెల్ మోగి, తలుపు తీస్తే గొడుగులు, భుజాన బ్యాగులు, మొహం నిండా నవ్వుతో ఇద్దరు ఆడవాళ్లు కనబడ్డారనుకోండి. మీది విశాఖపట్నమైతే అందులో ఒకరు నేనే అయ్యుండచ్చు. యెహోవాసాక్షిగా, అంటే ఇంటింటికీ వెళ్లి బైబిలు గురించి చెప్పే ఒక క్రైస్తవ శాఖ మనిషిగా, పదహారేళ్లుగా ఈ ఊళ్లో ఇళ్లు తిరుగుతున్నాను. సాయంత్రాలు పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్తాను, ఇల్లు గడిచేది దాంతోనే. నా నమ్మకాల సంగతి ఇక్కడ ఎత్తను. గుమ్మానికి లోపలి వాళ్లు మా గురించి ఏమనుకుంటారో, బయట నిలబడ్డ మాకు ఏం కనబడుతుందో అదే రాస్తాను.

అపోహ: ఇంటికింత, మనిషికింత అని కమీషన్ ఉంటుంది

మర్రిపాలెంలో ఒక పెద్దాయన మా మాటలు మొత్తం విని, "నెలకెంత వస్తుందమ్మా?" అని అడిగారు. ఏమీ రాదండీ అంటే నమ్మలేదు. గొంతు తగ్గించి, "మా కోడలు డిగ్రీ చేసి ఖాళీగా ఉంది, ఎక్కడ అప్లై చెయ్యాలో చెప్పు" అన్నారు.

రూపాయి రాదు. ఆటో చార్జీలు, అరిగిన చెప్పులు, గొడుగులు అన్నీ మా ఖర్చే. కావలికోట, తేజరిల్లు! పత్రికలు ఇస్తే వాటికీ డబ్బు తీసుకోం. మాలో లెక్క ఉండేది గంటలకి. 2023 అక్టోబరు దాకా ప్రతి ప్రచారకుడూ ఆ నెల ఎన్ని గంటలు తిరిగాడో రిపోర్టు ఇచ్చేవాడు. నవంబరు నుంచి మామూలు ప్రచారకులకి అది తీసేశారు, ఈ నెల పాల్గొన్నానని ఒక టిక్కు పెడితే చాలు. ఏడాదికి ఇన్ని గంటలు తిరుగుతామని ఒప్పుకున్న నాలాంటి పయినీర్లకి మాత్రం ఇంకా ఉంది. ముందు ఏడాదికి 840 గంటలు, ఇప్పుడు 600.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ గంటల లెక్క మనిషిని కాస్త పాడుచేస్తుంది. నెలాఖరున నాలుగు గంటలు తక్కువ పడ్డాయంటే, ఎవరింట్లో మాట సాగుతుందో ఆ గుమ్మం వదలబుద్ధి కాదు. వంకాయల ధర దగ్గర మొదలుపెట్టి వాళ్ల అబ్బాయి ఇంజనీరింగ్ సీటు దాకా వెళ్లిన రోజులు నాకున్నాయి. మీకు ఎప్పుడైనా "వీళ్లకి పని లేదా, ఇంతసేపు నిలబడ్డారు" అనిపించి ఉంటే, అది 29వ తారీఖో 30వ తారీఖో అయ్యుంటుంది.

అపోహ: తలుపు తియ్యకపోతే మళ్లీ రారు

ఆ రోజుకి వెళ్లిపోతాం, అంతే. ప్రతి వీధికీ మా దగ్గర ఒక టెరిటరీ కార్డు ఉంటుంది. తలుపు తియ్యని ఇంటి నంబరు పక్కన ‘ఇంట్లో లేరు’ అని రాసుకుని, ఇంకో రోజు ఇంకో వేళకి వస్తాం. పొద్దున దొరక్కపోతే సాయంత్రం. లోపల మీరు ఊపిరి బిగబట్టి కూర్చున్న ప్రతిసారీ మాకు ఇంకోసారి రమ్మని చీటీ రాసిచ్చినట్టే.

పైగా మాకు తెలిసిపోతుంది. బెల్ కొట్టగానే టీవీ సౌండు తగ్గుతుంది. తలుపులోని అద్దం అప్పటిదాకా తెల్లగా ఉండి, మీరు కన్ను ఆనించగానే నల్లబడుతుంది. ఆ చిన్న నలుపు వైపు చూసి ఇద్దరం మర్యాదగా నవ్వుతాం, మీరు లోపల అలాగే నిలబడతారు. ఇంతలో వంటింట్లో కుక్కర్ కూస్తుంది.

దీనికన్నా పెద్ద చిక్కు మన మర్యాద. గుమ్మంలో నిలబడ్డ మనిషిని ‘వద్దు’ అనడానికి మనకి నోరు రాదు. "ఇప్పుడు పనిలో ఉన్నానమ్మా, తర్వాత రండి." "మా వారు లేరు, ఆదివారమైతే ఉంటారు." ఇలాంటివి వింటే మేం ‘పునర్దర్శనం’ అని రాసుకుంటాం. ఆదివారం అన్నారు కాబట్టి ఆదివారమే వస్తాం.

కొత్తలో సీతమ్మధారలో మూడో అంతస్తులో ఒకావిడ "వచ్చే వారం రండమ్మా" అన్నారు. వెళ్లాను. మళ్లీ వచ్చే వారం అన్నారు. ఏడు వారాలు వెళ్లాను, లిఫ్ట్ లేని బిల్డింగ్‌లో. ఎనిమిదోసారి వాళ్లబ్బాయి వచ్చి, "అమ్మ చెప్పలేకపోతోందండీ, మీరే అర్థం చేసుకోవాలి" అన్నాడు. మొహం ఎర్రబడి మూడంతస్తులూ దిగాను. నాతో వచ్చిన అక్క ముప్పై ఏళ్లుగా తిరుగుతున్న మనిషి. కింద పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటూ, "ఆవిడ మొదటి రోజే చెప్పింది. మనకే తెలుగు రాలేదు" అంది.

మరి మీరు ఏం చెయ్యాలి? "మాకు ఆసక్తి లేదండీ, ఇంకెప్పుడూ రావద్దు" అనండి. కోపం అక్కర్లేదు. ఆ నంబరు పక్కన ‘వెళ్లకూడదు’ అని రాస్తాం, తర్వాత ఆ కార్డు ఎవరి చేతికి వెళ్లినా మీ ఇల్లు దాటి పోతారు. ఒక్కటే జాగ్రత్త, కారణం చెప్పకండి. టైం లేదు అంటే దానికో జవాబు, మా దేవుళ్లు మాకున్నారు అంటే దానికో జవాబు మా దగ్గర సిద్ధంగా ఉంటాయి. కారణం లేని ‘వద్దు’కి మా దగ్గర ఏమీ లేదు. నిజానికి అది వింటే నాకు సుఖంగా ఉంటుంది, ఇంకో ఇల్లు తిరగచ్చు.

అపోహ: బట్టీపట్టిన మాటలే అప్పజెప్తారు

ఇది సగం నిజం. వారం మధ్యలో జరిగే మా మీటింగులో స్టేజీ మీద ఒకరు ఇంటావిడగా, ఒకరు ప్రచారకురాలిగా మాట్లాడి చూపిస్తాం. టైం అయిపోతే ఆపాల్సిందే. మీటింగ్ వర్క్‌బుక్‌లో ఎలా మొదలుపెట్టాలో సూచనలు ఉంటాయి. స్టేజీ మీద ఇంటావిడ ఎప్పుడూ "అవునా! నేనెప్పుడూ ఇలా ఆలోచించలేదు!" అంటుంది. పదహారేళ్లలో నిజం ఇంటావిడ ఎవరూ ఆ మాట అనగా నేను వినలేదు. "గ్యాస్ వాడేమో అనుకున్నా" అంటారు.

గోపాలపట్నంలో ఒక ఎండాకాలం పొద్దున. అరుగు మీద చీర పరిచి ఒక పెద్దమ్మ వడియాలు పెడుతోంది. నేను నమస్కారం పెట్టి, ఈ లోకంలో కష్టాలు ఎందుకున్నాయంటారు అని వర్క్‌బుక్ ప్రశ్న వేశాను. ఆవిడ తలెత్తి, "ఏ ఊరమ్మా మీది?" అంది.

"ఇక్కడేనండీ."

"అసలు ఊరు?"

"చీపురుపల్లి దగ్గర."

"ఇంటిపేరు?"

చెప్పాను.

"ఆ ఇంటిపేరు అక్కడ రెండు కులాల్లో ఉంది కదే. మీరెవరు మరి?"

తెలుగు గుమ్మంలో మాట మంతి ఇలాగే నడుస్తుంది. ఊరు, ఇంటిపేరు, ఆ తర్వాత అసలు ప్రశ్న. మీటింగులో దీనికి ఎవరూ తర్ఫీదు ఇవ్వరు. అక్కడితో కూడా ఆగదు. "ముందునుంచీ ఇదేనా, మధ్యలో కలిశారా?" అని ఇంకోటి ఉంటుంది. కొందరు చెప్పకుండా మాట మారుస్తారు. నేను మాత్రం ఏది అడిగితే అది చెప్పేస్తాను, దాచినకొద్దీ ఆరా పెరుగుతుందని నా అనుభవం. ఆ రోజూ చెప్పాను. ఆవిడ మొహంలో ఏదో లెక్క సరిపోయినట్టు కనబడింది. "సరే, ఎలాగూ నిలబడ్డావు, ఆ కాకిని తోలు" అంది. అరగంట కాకుల్ని తోలుతూ ఆవిడ మోకాళ్ల నొప్పుల గురించి విన్నాను. బైబిలు బ్యాగులోంచి బయటికి రాలేదు. ఆ అరగంట రిపోర్టులో వేశావా అంటే, వేశాను.

అపోహ: ఇలా తిరిగేవాళ్లంతా ఒకటే

"మొన్నే మీవాళ్లు వచ్చి గీత ఇచ్చి వెళ్లారు" అని ఒకాయన నాతో అన్నారు. వాళ్లు ఇస్కాన్ భక్తులు. హోటల్ గదుల్లో, ఆసుపత్రుల్లో కనబడే చిన్న కొత్త నిబంధన పుస్తకాలు గిడియన్స్ అనే క్రైస్తవ సంస్థవి. తబ్లీగీ జమాత్ వాళ్లు ‘గష్త్’కి వెళ్లేది తోటి ముస్లింల ఇళ్లకే, నమాజుకి రమ్మని పిలవడానికి. ఎవరి పద్ధతి వాళ్లది.

మమ్మల్ని చాలామంది ‘చర్చి వాళ్లు’ అంటారు. నిజానికి క్రైస్తవుల ఇళ్లలోనే మాకు తలుపు తొందరగా మూసుకుంటుంది. మేం క్రిస్మస్ చెయ్యం, సిలువ వాడం, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడనే త్రిత్వాన్ని ఒప్పుకోం. వాళ్ల పాస్టర్లు మా గురించి ముందే హెచ్చరించి ఉంటారు. హిందువుల ఇంట్లో మాత్రం "అన్నీ ఒకటే కదమ్మా, ఏ పేరున పిలిస్తే ఏంటి" అని మజ్జిగ ఇస్తారు. వాదించే వాళ్లని తట్టుకోగలను కానీ, ఈ మజ్జిగకి ఏం జవాబు చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

అపోహ: ఇది చట్టవిరుద్ధం. దీని జంట అపోహ: హక్కుంది కాబట్టి ఎక్కడికైనా వెళ్లచ్చు

మొదటిది బయటివాళ్ల అపోహ, రెండోది మాలో కొందరిది. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని పాటించే హక్కుతో పాటు ప్రచారం చేసే హక్కూ ఇచ్చింది. కానీ 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం అంటే మన విశ్వాసాన్ని వివరించడమే, ఎదుటివాణ్ణి మార్చే హక్కు అందులో లేదని తేల్చింది. తిరుమల లాంటి చోట్ల అన్యమత ప్రచారం చెయ్యకూడదని ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రత్యేకంగా చట్టం వచ్చింది. ఇక అపార్ట్‌మెంట్ గేటు లోపలిది వాళ్ల సొంత జాగా. వాచ్‌మన్ వద్దంటే రాజ్యాంగం తీసి చూపించకూడదు, వెనక్కి తిరగాలి. తిరగని వాళ్ల వల్లే మిగతావాళ్లకి గేట్లు మూసుకుంటాయి.

"మీరు జనగణమన పాడరంట కదా?" అన్నది అపోహ కాదు, నిజమే. పాడం, గౌరవంగా లేచి నిలబడతాం. ఇందుకే 1985లో కేరళలో సాక్షుల పిల్లలు ముగ్గుర్ని బడినుంచి పంపేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్లని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. రక్తం ఎక్కించుకోరన్నదీ నిజమే. దాని మీద మా చుట్టాల్లోనే గొడవలున్నాయి, ఇక్కడ మొదలుపెడితే తెమలదు.

అపోహ: వీళ్లు రాకపోతే అందరికీ హాయి

నేనూ అలాగే అనుకునేదాన్ని. కోవిడ్ వల్ల 2020 మార్చిలో ఇంటింటి పరిచర్య ఆపేశారు. రెండేళ్లు ఉత్తరాలు రాశాం, ఫోన్లు చేశాం. మళ్లీ బయటికి వచ్చింది 2022 సెప్టెంబరు 1న. మాస్కు పెట్టుకుని ఎంవీపీ కాలనీలో ఒక బిల్డింగ్ ముందు నిలబడ్డాను. గేటుకి కొత్త బోర్డు: ‘సేల్స్‌మెన్, మత ప్రచారకులు లోపలికి రాకూడదు’. సరే అని వెనక్కి తిరుగుతుంటే మొదటి అంతస్తు బాల్కనీ నుంచి, అప్పటికి నాలుగుసార్లు మొహం మీదే తలుపు వేసిన మాస్టారు కేకేశారు.

"ఏమ్మా, రెండేళ్లయింది కనబడి. బానే ఉన్నావా?"

"ఉన్నానండీ. బోర్డు చూశాను, వెళ్తున్నాను."

"అది అసోసియేషన్ వాళ్లు పెట్టింది. నువ్వు లెక్కలు చెప్తావంట కదా, వాచ్‌మన్ చెప్పాడు. మా మనవడు తొమ్మిదో తరగతి. ఆన్‌లైన్ క్లాసులతో బీజగణితం మొత్తం పోయింది. ఫీజు ఎంత?"

చెప్పాను. ఎక్కువన్నారు. వంద తగ్గించాక, "ఇంకో మాట, క్లాసులో దేవుడి సంగతి ఎత్తకూడదు" అన్నారు.

"నా రూలూ అదేనండీ" అన్నాను. సోమవారం ఐదింటికి రమ్మన్నారు.