ఎలుగుబంటి ముక్కుకు మిరప ఘాటు

అమెరికాలో మోంటానా రాష్ట్రం, గ్లేసియర్ నేషనల్ పార్క్. అక్కడి ఐస్‌బర్గ్ లేక్ మీద నడివేసవిలోనూ మంచుగడ్డలు తేలుతుంటాయి. పార్కులోని మెనీ గ్లేసియర్ అనే చోటు నుంచి కాలిబాట రానూపోనూ 15 కిలోమీటర్ల పైచిలుకు, ఎక్కుడు 390 మీటర్లు. నీళ్లు, తిండి, చలికోటు సంగతి ఎవరైనా చెబుతారు. అది గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి నేను చెప్పాలనుకున్నది బేర్ స్ప్రే గురించి, అంటే మీదికొచ్చే ఎలుగుబంటి మీద కొట్టే ఘాటు తుంపర డబ్బా గురించి.

అందులో ఉన్నది మన మిరప కారమే. మిరపకు ఘాటునిచ్చే క్యాప్సేసిన్, దాని తోబుట్టువులైన రసాయనాలు కలిపి 1 నుంచి 2 శాతం. కారం రుచి కాదు, నొప్పి. నాలుక, కళ్లు, ముక్కు లోపలి పొరల్లోని నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ద్వారాలుంటాయి. 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే అవి తెరుచుకుంటాయి. కాల్షియం అయాన్లు లోపలికి దూసుకెళ్తాయి, ‘కాలుతోంది’ అని మెదడుకు కబురందుతుంది. క్యాప్సేసిన్ వేడి లేకుండానే ఆ ద్వారం తెరిచేస్తుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దీన్ని గుర్తించింది. 2021 నోబెల్ బహుమతిలో ఆయనకు వాటా దక్కింది. పక్షుల్లో ఈ ప్రోటీన్ వేరుగా ఉంటుంది, అందుకే చిలకలు పండుమిరపకాయల్ని హాయిగా కొరుక్కుతింటాయి. ఎలుగుబంటి మనలాగే క్షీరదం. పోపులో ఎండుమిరపకాయ మాడితే ఇల్లంతా దగ్గుతుందే, ఆ బాధే దాని పెద్ద ముక్కులోని తడిపొరంతా పాకుతుంది. కళ్లు మూతపడతాయి, ఊపిరాడదు.

గ్రిజ్లీ గంటకు 56 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, అంటే సెకనుకు 15 మీటర్ల పైనే. స్ప్రే అందేది సుమారు 9 మీటర్లు. అందుకే డబ్బా బ్యాగులో ఉంటే లేనట్టే. నడుము పట్టీకి ఉండాలి. పొరపాటున నొక్కుకోకుండా డబ్బాకుండే క్లిప్పును బొటనవేలితో లాగడం ఇంటి దగ్గరే అలవాటు చేసుకోవాలి. మీదికొస్తున్న జంతువు 18 మీటర్ల లోపుకి రాగానే, కాస్త కిందికి గురిపెట్టి రెండు మూడు సెకన్లు కొట్టాలి. ఆ తుంపర మబ్బులోకి జంతువు తనే దూసుకొస్తుంది. ఎదురుగాలి ఉంటే ఘాటు మన కళ్లలోనే పడుతుంది.

దోమల మందులా బట్టలకో గుడారానికో ముందే కొట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. గాలిలో తుంపరగా ఉన్నంతసేపే అది ఆయుధం, నేలమీద పడ్డాక నూనె పట్టిన మసాలా. ఆ వాసనకు ఎలుగుబంట్లు వెతుక్కుంటూ వస్తాయి.

విమానంలో చేతిసంచిలోనూ, చెక్-ఇన్ సామానులోనూ దీన్ని ఒప్పుకోరు, దిగాక కొనుక్కోవాలి. గడువు తేదీ చూడాలి, పాతబడితే లోపలి పీడనం తగ్గిపోతుంది. ఎండలో నిలిపిన కారులో వదిలితే పేలవచ్చు.

అసలు వాడే పని పడకపోతేనే మంచిది. ముగ్గురు నలుగురు కలిసి నడవాలి. మలుపుల్లో, టార్మిగన్ జలపాతం హోరు దగ్గర చప్పట్లు కొడుతూ గట్టిగా కేకలెయ్యాలి. చిరుగంటల చప్పుడు చాలదు. ఎలుగుబంటికి కనీసం 91 మీటర్ల దూరంలో ఉండాలి, పరుగెత్తకూడదు.

చెట్టెక్కిన స్నేహితుడు, ఊపిరి బిగబట్టి పడుకున్న స్నేహితుడు ఉన్న కథ పిల్లలకు చెప్పేటప్పుడు ఈ రెండు మాటలూ కలపండి: నల్ల ఎలుగుబంట్లు చెట్లు చకచకా ఎక్కుతాయి, చచ్చినట్టు పడుకోవడం, పిల్లల్నో తననో కాపాడుకోవడానికి మీదపడిన గ్రిజ్లీ దగ్గరే పనికొస్తుంది. అదీ బోర్లా, వీపున బ్యాగుతో, మెడ వెనక చేతులు పెనవేసుకుని.

స్ప్రే కొట్టాక అక్కడే నిలబడి చూడొద్దు. ఘాటు దిగాక ఎలుగుబంటికి చూపు తిరిగొస్తుంది. ఆలోపే దూరంగా వెళ్లిపోవాలి. సరస్సు ఇంకో రోజు చూడొచ్చు.