స్కూల్ చాయిస్ అంటే ఎవరి చాయిస్? మనవలకి అమ్మమ్మ ఉత్తరం

బంగారు తల్లికీ, మా చిన్నోడికీ,

తెనాలి నుంచి మీ అమ్మమ్మని. మొన్న ఆదివారం వీడియో కాల్లో ఇద్దరూ చెరో ప్రశ్న అడిగారు, ఈలోగా ఇక్కడ కరెంటు పోయి ఫోన్ కట్టయిపోయింది. చిన్నోడేమో "పక్కింటోళ్ళు స్కూలుకే వెళ్ళరు కదా, నేనెందుకు వెళ్ళాలి" అన్నాడు. నువ్వేమో "డిబేట్‌లో స్కూల్ చాయిస్ టాపిక్ ఇచ్చారు అమ్మమ్మా, ఏ పార్టీ చెప్పేది కరెక్టు" అన్నావు. అదే, పిల్లల్ని ఏ బడిలో చదివించాలో తల్లిదండ్రులే ఎంచుకోవడం. ముప్పై ఏళ్ళు మునిసిపల్ హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని, ఇలాంటివి అడిగితే ఊరుకోలేను, అందుకే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు చిన్నోడికి. ఒరేయ్, పక్కింటోళ్ళు చదువు మానెయ్యలేదురా, ఇంట్లో చదువుతున్నారు. నేను టెక్సాస్‌లో మీ ఫ్రిస్కోలో ఉన్నప్పుడు ఓరోజు పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను, ఆవిడ డైనింగ్ టేబుల్ మీద చిన్నపిల్లకి భిన్నాలు చెప్తోంది, పావు కప్పుతో బియ్యం తీసి పెద్ద కప్పులో పోయిస్తోంది, నాలుగోసారికి కప్పు నిండగానే ఆ పిల్ల మొహం ఎంత వెలిగిపోయిందో! నేను బోర్డు మీద సుద్దముక్కతో ఎన్నిసార్లు గీసినా అంత తేలిగ్గా ఎక్కేది కాదు. కానీ ఆ తల్లి దానికోసం ఉద్యోగం మానుకుంది, ఇల్లు ఒక్క జీతం మీద నడుస్తోంది, ఆమెకి సెలవంటూ లేదు. మీ అమ్మ అలా చెయ్యాలంటే ఇంటి లోన్ ఎవరు కడతారు, వీసా సంగతేంటి? కాబట్టి అది అందరికీ కుదిరే పని కాదు, అంతేగానీ తప్పు పని మాత్రం కాదు.

టెక్సాస్‌లో 1980ల్లో ఇంట్లో చదివించినందుకు తల్లిదండ్రుల మీద కేసులు పెట్టేవాళ్ళు తెలుసా. వాళ్ళు కోర్టుకెళ్ళి పోరాడితే 1994లో టెక్సాస్ సుప్రీంకోర్టు లీపర్ కేసులో ఇంటి చదువుని కూడా ప్రైవేటు స్కూలు కిందే లెక్కగట్టింది. చదవడం, స్పెల్లింగ్, గ్రామరు, లెక్కలు, మంచి పౌరుడిగా ఉండటం, ఈ ఐదూ నిజాయితీగా నేర్పితే చాలు, ప్రభుత్వం పరీక్ష పెట్టదు. అదే ఏడాది వాషింగ్టన్‌లో ఒక విద్యా బిల్లులో టీచర్లందరికీ సర్టిఫికెట్ ఉండాలన్న మాట వచ్చింది, అది తమ మీదకి వస్తుందని భయపడి హోమ్‌స్కూల్ కుటుంబాలు దేశం నలుమూలల నుంచీ కాంగ్రెస్ ఆఫీసులకి ఫోన్ల మీద ఫోన్లు చేసి లైన్లు జామ్ చేసేశాయి, చివరికి సభలో 424 మంది ఆ మాట తీసెయ్యాలంటే ఒక్కరే కాదన్నారు. 2008లో రిపబ్లికన్ల అధ్యక్ష అభ్యర్థి ఎవరన్న పోటీలో మైక్ హకబీ అయోవా రాష్ట్రంలో గెలవడానికి కూడా ఈ కుటుంబాలు ఇంటింటికీ తిరిగిన కష్టం చాలా ఉంది. లెక్కకి తక్కువే అయినా గట్టిగా కలిసుంటారు కాబట్టి ఏ కాండిడేటైనా వీళ్ళ జోలికి ఆచితూచి వెళ్తాడు.

ఇక నీకు తల్లీ. వోచర్ అంటే ప్రైవేటు బడి ఫీజుకి సర్కారు ఇచ్చే డబ్బు, అదెలా ఉంటుందో మీ బాబాయిని అడుగు, ఇక్కడ ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే ఇంజనీరింగ్ చదివాడు. డబ్బు సర్కారుది, సీటు ప్రైవేటు కాలేజీలో. అది లేకపోతే వాడు ఇంజనీరయ్యేవాడు కాదు, ఆ మాట నేను ఎక్కడైనా చెప్తాను. అయితే బకాయిలు ఆలస్యమైనప్పుడు కాలేజీ వాళ్ళు సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపేస్తే, మీ తాతయ్య అప్పు తెచ్చి కట్టొచ్చారు. అందుకే ఎవరైనా "డబ్బు మేమిస్తాం, బడి మీరే ఎంచుకోండి" అంటే ఆ డబ్బు ఎంత, ఎవరికి, ఎప్పుడు అని అడగడం నాకు అలవాటైపోయింది.

అమెరికాలో ఇది రిపబ్లికన్ల సొంత ఆలోచన అనుకుంటున్నావు గానీ పూర్తిగా అలా కాదు. 1990లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో వోచర్లు మొదలవడానికి గట్టిగా నిలబడింది పాలీ విలియమ్స్ అనే నల్లజాతి మహిళ, డెమోక్రాట్. తన పేటలో పేద పిల్లలకి మంచి బడి దొరకట్లేదని ఆవిడ బాధ. రిపబ్లికన్ గవర్నర్ టామీ థాంప్సన్ చెయ్యి కలిపాడు. మొదటి ఏడాది చేరింది మూడొందల పైచిలుకు పిల్లలే, అందరూ పేద ఇళ్ళవాళ్ళు. తర్వాత్తర్వాత దాన్ని ఉన్నవాళ్ళకి కూడా విస్తరిస్తుంటే విలియమ్సే అడ్డు చెప్పింది. ఒకే పథకం, పేదలకైతే ఒక అర్థం, అందరికీ అంటే ఇంకో అర్థం. నీ డిబేట్‌లో ఇది తప్పకుండా చెప్పు.

ఇప్పుడు మీ టెక్సాస్. 2022 ఎన్నికల్లో గవర్నర్ గ్రెగ్ ఆబట్ వోచర్లు తెస్తానన్నాడు, పోటీచేసిన బీటో ఓరూర్క్ వద్దన్నాడు. ఆబట్ గెలిచాడు, అయినా 2023 నవంబర్లో టెక్సాస్ దిగువసభ హౌస్‌లో బిల్లు 84-63తో ఆగిపోయింది, ఆపినవాళ్ళలో 21 మంది ఆయన రిపబ్లికన్ పార్టీ వాళ్ళే! ఎందుకంటే వాళ్ళవి పల్లెటూళ్ళు, ఊళ్ళో ఉండేదే ఒక్క బడి, ఉద్యోగాలకీ అదే ఆధారం, శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఆటకి ఊరంతా చేరేదీ అక్కడికే, ప్రైవేటు స్కూలే లేని చోట వోచర్ దేనికి? ఆ తర్వాత 2024 ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో, ఆబట్ వాళ్ళ మీద వేరేవాళ్ళని నిలబెట్టి చాలామందిని ఓడించాడు, 2025 మే 3న చట్టం మీద సంతకం పెట్టేశాడు, అప్పుడు నేను మీ ఇంట్లోనే ఉన్నాను, టీవీలో చూశాం.

లెక్క చెప్తాను రాసుకో. మొత్తం వంద కోట్ల డాలర్లు. ప్రైవేటు స్కూలుకెళ్ళే పిల్లకి సుమారు పదివేలు, వైకల్యం ఉన్న పిల్లలకి 30,000 దాకా, ఇంట్లో చదివేవాళ్ళకి 2,000 వరకు. తలా పదివేలు వేసుకున్నా లక్షమందికే సరిపోతుంది, టెక్సాస్ సర్కారు బళ్ళలో ఉన్నది 55 లక్షల మంది. దరఖాస్తులు ఎక్కువైతే వైకల్యం ఉన్నవాళ్ళకీ తక్కువ ఆదాయం వాళ్ళకీ ముందు ఇవ్వాలని చట్టంలో ఉంది, అది నాకు నచ్చింది. కానీ పిల్లని చేర్చుకోవాలా వద్దా అన్నది ప్రైవేటు స్కూలు ఇష్టం, అంటే చాయిస్ తల్లిదండ్రులకే కాదు, బడికి కూడా ఉంది, మైకుల్లో మాత్రం ఈ రెండో సంగతి వినపడదు. హోమ్‌స్కూల్ వాళ్ళలో కూడా కొందరు ఈ రెండువేలూ వద్దన్నారు, సర్కారు డబ్బు తీసుకుంటే రేపు సర్కారు రూల్సు కూడా ఇంట్లోకొస్తాయని.

మీరు చాయిస్ వాడుకోలేదనుకోకు తల్లీ. మీ నాన్న ఇల్లు కొనేముందు నెలరోజులు కంప్యూటర్ ముందు కూర్చుని ఏ వీధి ఏ స్కూలు కిందకొస్తుందో, దాని రేటింగ్ ఎంతో చూశాడు, రోడ్డుకి అవతలి ఇల్లు చవగ్గా వస్తున్నా వేరే జోన్ అని వదిలేశాడు. మన తెలుగువాళ్ళు అక్కడ ఇల్లు కొనేటప్పుడు చాలామంది చేసేది ఇదే. అదే స్కూల్ చాయిస్, కాకపోతే దానికి వోచర్ ఉండదు, ఇంటి ధరలో కలిసి ఉంటుంది. ఆ డబ్బు లేని తల్లికి వోచర్ ఇస్తామంటే ఆశపడుతుంది, ఆ ఆశని తక్కువచేసి మాట్లాడే హక్కు మనకి లేదు. నా మటుకు నేను ఊరిబడి వైపే, మీ పసుపురంగు స్కూల్ బస్సు వచ్చి ఆగితే అన్ని రంగుల పిల్లలూ ఒకే మెట్లెక్కి వెళ్ళడం రోజూ కిటికీలోంచి చూసేదాన్ని, అది బలహీనపడితే నాకు కడుపు తరుక్కుపోతుంది.

కుటుంబాలకిచ్చే డబ్బు సంగతి కూడా పనిలోపనిగా చెప్తాను. 2024 అధ్యక్ష ఎన్నికల్లో డెమోక్రాట్ల కమలా హారిస్ పుట్టిన పాపకి మొదటి ఏడాది 6,000 డాలర్ల టాక్స్ క్రెడిట్, అంటే పన్నులో తగ్గింపు, అంది, రిపబ్లికన్ల జె.డి. వాన్స్ పిల్లకి 5,000 ఉంటే బాగుంటుందన్నాడు, చివరికి 2025 చట్టంలో వచ్చింది 2,200. ఎన్నికల్లో చెప్పిన అంకె పక్కనే చేతికొచ్చిన అంకె రాసి పెట్టుకో. ఇక్కడా అంతే, తల్లికి వందనం కింద బిడ్డకి 15,000 అన్నారు, 2025 జూన్లో అకౌంట్లో పడింది 13,000, మిగతా రెండువేలు బడి నిర్వహణకి పట్టుకున్నారు. అయినా మా పనమ్మాయి ఇద్దరు పిల్లలకీ కలిపి 26,000 పడ్డాయని ఫోన్లో మెసేజ్ చూపించి ఏడ్చేసింది.

మీ అమ్మకీ నాన్నకీ అక్కడ ఇంకా ఓటు లేదు. మీ ఇంట్లో మొదటి ఓటు నీది, 2028 నవంబర్‌కి నీకు పద్దెనిమిది నిండుతాయి. ఈలోగా స్కూల్ బోర్డు ఎన్నికలొస్తాయి, వాళ్ళు పంచే కాగితాలు పారేయకుండా ఫోటో తీసి నాకు పంపు, ఇద్దరం కలిసి చదువుదాం. డిబేట్‌లో నీకు ఏ పక్షం వచ్చిందో చెప్పలేదు, ఈసారి కాల్లో ముందు అదే చెప్పు.

మీ అమ్మమ్మ