జారిన పూసని మళ్లీ ఎక్కించాలా?

పలాసలో జీడిపప్పు పొట్టు ఒలిచే పనికెళ్లే మా పెద్దమ్మ ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని అడిగిన మొదటి మాట: “నడుం పూస జారిపోనాదంట. మళ్లీ ఎక్కించీస్తారేటి?”

భుజం గూడు తప్పితే లాగి సరిచేసినట్టే వెన్నుపూసనీ సరిచేస్తారని చాలామంది అనుకుంటారు. నడుం తొక్కేవాళ్లకి గిరాకీ ఆ నమ్మకంతోనే. తొక్కితే పూస వెనక్కి వెళ్లదు. చాలామందికి అది వెనక్కి వెళ్లాల్సిన అవసరమూ లేదు.

డిస్కు జారడం వేరు, పూస జారడం వేరు. డిస్కు రెండు పూసల మధ్య ఉండే మెత్త. ఇక్కడ పై పూసే కింది పూస మీద ముందుకి జరుగుతుంది. డాక్టర్లు స్పాండిలోలిస్థెసిస్ అంటారు. జిమ్నాస్టులు, ఫాస్ట్ బౌలర్ల లాంటి కుర్రవాళ్లలో పూస వెనకవైపు సన్నటి ఎముక పగిలి వస్తుంది. యాభై దాటిన ఆడవాళ్లలో కీళ్లు అరిగి, ఎక్కువగా నడుంలో నాలుగో పూస అయిదోదాని మీద జారుతుంది. ఎంత జారిందో కొలవడానికి 1932లో మెయర్డింగ్ అనే డాక్టరు చెప్పిన పద్ధతే ఇప్పటికీ వాడుకలో ఉంది. కింది పూస వెడల్పులో పావు వంతు లోపు జారితే ఒకటో గ్రేడు. పెద్దమ్మది అదే.

గ్రేడు కన్నా ఆవిడ నడకే ఎక్కువ సంగతి చెప్పింది. కాశీబుగ్గ బస్టాండుకి బయల్దేరితే ఆరో కరెంటు స్తంభం దగ్గరికొచ్చేసరికి పిక్కలు బరువెక్కిపోయేవి. ఎవరి అరుగు మీదో ముందుకి వంగి రెండు నిమిషాలు కూర్చుంటే మళ్లీ మామూలే. సైకిలు మీదకి వంగి తోసుకుంటూ వెళ్తే ఇంకాస్త దూరం నడవగలిగేది. నిటారుగా నిలబడితే నరాలు పోయే దారి ఇరుకవుతుంది, వంగితే తెరుచుకుంటుంది. ఎమ్మారై పడుకోబెట్టి తీస్తారు కాబట్టి ఒక్కోసారి జారుడు అందులో దాక్కుంటుంది. అందుకే నిలబెట్టి తీసిన ఎక్స్‌రే కూడా చూస్తారు.

మొదటి వైద్యం పొట్ట, పిరుదుల కండరాల్ని గట్టిపరిచే వ్యాయామం. అదీ వారాలు కాదు, నెలలు. మంచానికే అతుక్కుపోతే కండరాలు ఇంకా సడలుతాయి. వెన్నులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్ కాలు లాగుడుని కొన్నాళ్లు తగ్గించవచ్చు, అంతే.

మాత్రల దగ్గరే నాకు భయం. పలాస చుట్టుపక్కల ఉద్దానంలో చాలామందికి వచ్చే కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇంకా తేలలేదు. తేలే లోపల, అక్కడి మనిషి మందుల షాపులో చీటీ లేకుండా డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర కొనుక్కుని నెలల తరబడి మింగడం నిప్పుతో చెలగాటమే. అప్పటికే దెబ్బతిన్న కిడ్నీని ఆ రకం మాత్రలు ఇంకా దెబ్బతీస్తాయి. కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించాకే మాత్ర సంగతి.

నెలలు గడిచినా నడక తగ్గుతూనే ఉంటే ఆపరేషన్. నరాల మీద ఒత్తిడి తీసేయడం ఒక పద్ధతి. దాంతోపాటు స్క్రూలు, రాడ్లు వేసి రెండు పూసల్నీ ఒకటిగా అతికించడం ఇంకోటి. అరుగుదలతో జారిన 267 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఒత్తిడి తీయడం మాత్రమే, ఇంకో గుంపుకి స్క్రూలు కూడా వేసి నార్వేలో చేసిన పరీక్ష 2021లో వెలువడింది. రెండేళ్ల తర్వాత చూస్తే రెండు గుంపుల్లోనూ నూటికి 70 మందికి పైగా బాగా తెరిపిన పడ్డారు. స్క్రూలు వేసినందువల్ల అదనంగా పెద్ద మేలు కనిపించలేదు. పూస బాగా కదులుతున్నా, కుర్రవయసులో మరీ ఎక్కువగా జారినా లెక్క వేరు, అక్కడ అతికించాల్సి రావచ్చు. కాబట్టి “స్క్రూలు ఎందుకు వెయ్యాలండీ?” అని సర్జన్‌ని అడగడానికి మొహమాటపడొద్దు.

ఒక్క సందర్భంలో మాత్రం ఆలోచించుకుంటూ కూర్చోకూడదు. ఒంటికీ రెంటికీ పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

పెద్దమ్మకి అంత దూరం రాలేదు. నేల మీద కూర్చోవడం మానేసి స్టూలు వేసుకుంది, పొద్దున్నే గొణుక్కుంటూ వ్యాయామం చేస్తోంది. అయిదు నెలలకి పదకొండో స్తంభం దాటింది. మొన్న తీసిన ఎక్స్‌రేలో పూస మాత్రం జారిన చోటే ఉంది.