సీఎస్ఈకి (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్‌కి) లెక్కలు కావాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో ఇంజినీరింగ్ పిల్లలకు అల్గారిథమ్స్ (లెక్కను మెషీన్‌తో అంచెలంచెలుగా చేయించే పద్ధతులు) చెప్తుంటాను. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, పుత్తూరు నుంచి, పీలేరు నుంచి తెలిసినవాళ్ల ఫోన్లు. అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: "మావాడికి లెక్కలు అంతంతమాత్రం సార్. సీఎస్ఈ అయితే కంప్యూటరే చేసుకుంటుంది కదా?"

చేసుకుంటుంది. ఎలా చేయాలో మనం చెప్పాలి, చిక్కంతా అక్కడే. ఇంటర్‌లో డిటర్మినెంట్‌ను (చదరంగా పేర్చిన అంకెల పట్టిక నుంచి లెక్కగట్టే విలువ) వరుస వెంట విస్తరించడం నేర్పుతారు. 3×3కి ఆరు పదాలు, ఇబ్బంది లేదు. అదే పద్ధతి 20×20కి వాడితే పదాల సంఖ్య 20 ఫ్యాక్టోరియల్, అంటే సుమారుగా 24 పక్కన 17 సున్నాలు. సెకనుకు వంద కోట్ల పదాలు లెక్కగట్టే మెషీన్‌కు కూడా దాదాపు 77 ఏళ్లు పడుతుంది. వరుసల్లోంచి వరుసలు తీసేస్తూ వికర్ణం కిందున్నవన్నీ సున్నాలు చేసే గాస్ పద్ధతిలో గుణకారాలు, భాగహారాలు కలిపినా మూడువేలు దాటవు. జవాబు రెండింటికీ ఒకటే. లెక్కల పేపర్లో రెండింటికీ ఫుల్ మార్కులు పడతాయి. నేను మాత్రం మొదటిదానికి సున్నా వేస్తాను. గణితం, కంప్యూటర్ సైన్స్ విడిపోయేది ఈ ఖర్చు దగ్గరే అని నా అభిప్రాయం.

అపోహ: "లెక్కల్లో ఫుల్ మార్కులు వచ్చాయి, ఇక కోడింగ్ వచ్చేసినట్టే."

ఆ మార్కుల్లో చాలావరకు ఫార్ములాల ప్రాక్టీసు. మాకు రోజూ కావలసింది తర్కం, సెట్లు, గ్రాఫులు (చుక్కలు, వాటిని కలిపే గీతలు), ఇండక్షన్ (ఒక మెట్టు నిజమైతే తర్వాతి మెట్టూ నిజమని చూపుతూ పోయే నిరూపణ). ఇండక్షన్‌ను చాలామంది చాయిస్‌లో వదిలేసి వస్తారు! అసలు ఈ లెక్కల్లో అంకెలే ఉండక్కర్లేదు. ఛందస్సులో "యమాతారాజభానసలగం" నేర్చుకున్నారు కదా. పది అక్షరాల్లో ఎక్కడ మొదలుపెట్టి వరుసగా మూడు తీసుకున్నా ఒక్కో గణం వస్తుంది, ఎనిమిదీ వస్తాయి, ఏదీ రెండోసారి రాదు. ఇలాంటి వరుసలనే కంప్యూటర్ సైన్స్‌లో డి బ్రాయిన్ సీక్వెన్సులంటారు. జీనోమ్ (డీఎన్‌ఏ) ముక్కల్ని అతికించే ప్రోగ్రాముల్లో దీని బంధువే పనిచేస్తోంది.

అపోహ: "టెస్ట్ చేసి చూసుకుంటే చాలు, నిరూపణలెందుకు?"

300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే రోజు ఎంతమంది ఒకేసారి నొక్కుతారో మన ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. టికెట్ బుకింగ్ ప్రోగ్రామ్ ఏదైనా తీసుకోండి. స్లాట్‌లో ఒకటే మిగిలింది. చిత్తూరులో ఒకరు, విశాఖలో ఒకరు ఒకే క్షణంలో నొక్కారు. ప్రోగ్రామ్ ముందు మిగిలినవెన్నో చదివి, తర్వాత ఒకటి తగ్గిస్తుంది. ఇద్దరికీ "1" కనిపించింది, ఇద్దరికీ అమ్మేసింది. టేబుల్ ముందు ఒక్కరే కూర్చుని వెయ్యిసార్లు టెస్ట్ చేసినా ఈ తప్పు బయటపడదు. చదవడం, తగ్గించడం ఒకే పనిగా లాక్ చేయాలి. ఆపైన, ఎవరు ఏ వరుసలో నొక్కినా అమ్మినవి కోటా దాటవని వాదించి చూపాలి. వదిలేసి వచ్చిన ఇండక్షన్ ఇక్కడ కావాలి.

అపోహ: "గణితం ఇస్తుంది, కంప్యూటర్ సైన్స్ తీసుకుంటుంది."

మొదట్లో కొంత నిజమే. ఏ ప్రోగ్రామ్ అయినా ఆగుతుందో లేదో ముందే తేల్చే ప్రోగ్రామ్ అసాధ్యమన్న ఫలితానికి మూలం గణితజ్ఞుడు అలన్ ట్యూరింగ్ 1936 నాటి వ్యాసంలోనే ఉంది. ఇవాళ్టి కంప్యూటర్లు అప్పటికింకా తయారుకానేలేదు. తర్వాత బాకీ తీరుతూ వచ్చింది. పక్కపక్క ప్రాంతాలకు ఒకే రంగు పడకుండా ఏ మ్యాప్‌కైనా నాలుగు రంగులు చాలనే నాలుగు రంగుల సిద్ధాంతాన్ని 1976లో కంప్యూటర్ సాయంతో నిరూపించారు. ఇచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్యేనా అని త్వరగా, అనుమానం లేకుండా తేల్చే పద్ధతిని 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ పూర్తిచేసిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనిపెట్టారు. గణితంగా అది గొప్ప ఫలితం. అయినా ఎన్‌క్రిప్షన్‌కు (సమాచారాన్ని ఇతరులు చదవలేని రహస్య రూపంలోకి మార్చడానికి) పెద్ద ప్రధాన సంఖ్యలు వెతికేటప్పుడు మామూలుగా వాడేది అంతకన్నా పాతదైన మిల్లర్-రాబిన్ పరీక్షనే. అది పొరపడొచ్చు, కానీ 20 సార్లు వేరువేరుగా పరీక్షిస్తే ఆ అవకాశం లక్ష కోట్లకు ఒకటి కంటే తక్కువ. పైగా చాలా వేగం.