బోరు నీళ్లా, నల్లా నీళ్లా? గీజర్ కొనేముందు తేల్చుకోవాల్సింది

వరంగల్‌లో ఇల్లు వెచ్చబెట్టుకోవాల్సిన అవసరం పెద్దగా రాదు. ఆదిలాబాద్, సిర్పూర్ (యు) వైపు డిసెంబరు, జనవరిల్లో రాత్రి పది డిగ్రీల కిందికి దిగినా రగ్గులతోనే గడిచిపోతుంది. తలుపులు బిగించి గదిలో కుంపటి పెట్టడం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. దాంట్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. చలికాలం కరెంటు మీటరును తిప్పేదల్లా స్నానం నీళ్లే.

ఒక యూనిట్ కరెంటు 860 లీటర్ల నీళ్లను ఒక్క డిగ్రీ వేడి చేస్తుంది. రాత్రంతా మిద్దె మీద చల్లారిన ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలున్నాయనుకుందాం. ఇరవై లీటర్ల బకెట్‌ను 42 డిగ్రీలకు తేవడానికి అర యూనిట్ పైచిలుకు కావాలి. నలుగురికి తలా ఒక బకెట్ అంటే రోజుకు రెండు యూనిట్లు, నెలకు అరవై. గీజర్‌తో కాచినా, చవక హీటర్ రాడ్‌తో కాచినా ఈ లెక్క మారదు.

మరి గీజర్ మీద స్టార్లు ఎందుకు? నీళ్లు వేడెక్కి ఊరికే ఉన్నప్పుడు 24 గంటల్లో ట్యాంకు ఎంత వేడి పోగొట్టుకుంటుందో అవి చెబుతాయి. రోజంతా స్విచ్ వేసి ఉంచే ఇంటికి ఐదు స్టార్లు అక్కరకొస్తాయి. పొద్దున అరగంట వేసి ఆపేసేవాళ్లకు మూడు స్టార్లకూ ఐదు స్టార్లకూ తేడా పైసల్లోనే. పదిహేను లీటర్లు, రెండు కిలోవాట్ల గీజర్ 20 డిగ్రీల నీళ్లను 60కి తేవడానికి సుమారు 21 నిమిషాలు చాలు.

ఆ అరవై యూనిట్ల దెబ్బ కరెంటు బిల్లు రేటు మారే స్లాబు దగ్గర తగులుతుంది. తెలంగాణ 2022-23 టారిఫ్ ప్రకారం నెలకు 200 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. 201కి అది 1,027 రూపాయల 70 పైసలు. గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు అందుకునే ఇల్లయితే, 200 దాటిన నెలలో మొత్తం కట్టాల్సిందే.

యూనిట్లు తగ్గించే మొదటి ఉపాయం బోరులోనే ఉంది. లోతు నీళ్ల వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. మన దగ్గర అది 27 డిగ్రీల చుట్టుపక్కల. చలికాలం పొద్దున మోటారు వేయగానే బోరు నీళ్ల మీద ఆవిరి లేవడం రైతులకు కొత్తేం కాదు. ఆ నీళ్లను ట్యాంకుకు ఎక్కించకుండా నేరుగా బకెట్‌లో పట్టి రాడ్ పెడితే 22 డిగ్రీలకు బదులు 15 డిగ్రీలు పెంచితే సరిపోతుంది. మూడోవంతు కరెంటు మిగులుతుంది. నీళ్లలో చెయ్యి పెట్టి చూడటం మాత్రం ప్లగ్ పీకాకే. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) లేని ఇంట్లో రాడ్ జోలికే పోకపోవడం మేలు.

గీజర్‌కు ఇదే బోరు నీళ్లు శత్రువు. కఠిన జలం, అంటే లవణాలు ఎక్కువున్న నీళ్లలోని కాల్షియం బైకార్బనేట్ వేడికి విడిపోయి సున్నంగా పేరుకుంటుంది. అన్నం గిన్నె అడుగున కనిపించే తెల్లటి పొర అదే. లీటరుకు 300 మిల్లీగ్రాముల కఠినత్వం ఉన్న నీళ్లు రోజుకు 80 లీటర్లు కాచితే, గీజర్‌లోకి పోయే సున్నం 24 గ్రాములు. అందులో పదోవంతు దిగినా నెలకు 70 గ్రాములు దాటుతుంది. సున్నం పడితే కరెంటు ఎక్కువ కాలుతుందని చాలామంది అంటారు. ఎలక్ట్రిక్ గీజర్‌లో అది పెద్దగా నిజం కాదు, కాచే కడ్డీ (ఎలిమెంట్) నీళ్లలోనే ఉంది కాబట్టి వేడి చివరికి నీళ్లకే చేరుతుంది. కాకపోతే పొర వెనకాల ఎలిమెంట్ తన వేడి తనే తట్టుకోలేక మాడిపోతుంది.

వరంగల్ నగరంలో ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల మీద నడిచే నల్లా నీళ్లు సాధారణంగా బోరు కంటే మెత్తన, అంటే సున్నం తక్కువ. రెండూ ఉన్న ఇంట్లో గీజర్‌కు నల్లా ట్యాంకు నుంచి విడిగా లైను వేయించాలి. ప్లంబర్ ఒక్క పూట పని. బోరు తప్ప గతి లేకపోతే గీజర్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌ను 50-55 డిగ్రీల దగ్గర ఆపాలి. అరవై దాటితే సున్నం జోరుగా దిగుతుంది.

మిద్దె మీద జాగా ఉంటే సోలార్ హీటర్‌ను మించింది లేదు. చలికాలం ఇక్కడ ఆకాశం తేటగా ఉంటుంది, వేడి నీళ్లు కావాల్సిందీ అప్పుడే. ఎండ పట్టే పలక (కలెక్టర్) దక్షిణం చూడాలి, వాలు 30 డిగ్రీలకు అటూఇటూ. డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు 48-49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. పక్కింటి గోడ నీడ ఎక్కడిదాకా పడుతుందో ఆ నెలలో పొద్దున తొమ్మిదింటికి మిద్దె ఎక్కి చూస్తే తెలుస్తుంది, వేసవిలో చూస్తే మోసపోతారు.

పైపు దగ్గర అసలు చిక్కు వస్తుంది. వేడి నీళ్లకు వాడే ముప్పావు అంగుళం సీపీవీసీ ప్లాస్టిక్ పైపు మీటరుకు పావు లీటరు నీళ్లు పట్టుకుంటుంది. సోలార్ ట్యాంకు నుంచి బాత్రూమ్‌కు ఇరవై మీటర్లయితే ఐదు లీటర్లు చల్లటివి పారితే గాని వేడివి రావు. నలుగురు అరగంట ఎడంతో స్నానం చేస్తే ఒక బకెట్ మోరీ పాలు. పైపును దగ్గరి దారిన తెచ్చి, ఎండా గాలీ తగిలే చోట ఫోమ్ తొడుగు వేయించాలి.

గాజు గొట్టాల సోలార్‌లో బోరు సున్నం గొట్టాల అడుగున దిగి, ఏటేటా నీళ్ల వేడి తగ్గిస్తుంది. ఇంకో ప్రమాదం, మధ్యాహ్నం ట్యాంకు ఖాళీ అయి గొట్టాలు ఎండలో కాలుతుండగా చల్లటి నీళ్లు వదలడం. గాజు టప్పున పగులుతుంది. అలా ఖాళీ అయితే తెల్లవారుజామున, గొట్టాలు పూర్తిగా చల్లారాకే నింపాలి.

హీట్ పంపు బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఇస్తుంది. ఒక యూనిట్‌కు సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది. నలుగురున్న ఇంటికి దాని ఖరీదు భారం, హాస్టల్‌కైతే గిట్టుబాటు. గ్యాస్ గీజర్‌ను మాత్రం బాత్రూమ్ లోపల ఎప్పుడూ బిగించకూడదు, కుంపటితో చెప్పిన ప్రమాదమే దానికీ.

గీజర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి స్విచ్ ఆపి, నీళ్లు వదిలేసి, అడుగున ఉన్న మెగ్నీషియం రాడ్‌ను తీయించి చూడాలి. ట్యాంకు బదులు తుప్పుకు అది బలవుతుంది. వేలి లావున్నది పెన్సిల్ సన్నానికి వచ్చిందంటే, లోపలి ఇనుప తీగ కనబడకముందే కొత్తది వేయించుకోవాలి.