ఎండు బోరు లెక్కలోకి రాదు

కళ్యాణదుర్గం దగ్గర మా మామ చేలో నాలుగో బోరుకు పాయింట్ పెట్టిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. పాయింట్ చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని గట్టు వెంబడి నడిచాడు. ఒకచోట కాయ లేచి నిలబడింది. "ఈయన పెడితే తిరుగు ల్యాదబ్బీ. పక్కూర్లో మూడు పెడితే మూడూ పడినాయి" అన్నాడు మామ.

మూడింటిని చూసి నాలుగోదాని గురించి చెప్పడం ఆగమన తర్కం. 'కాయ లేస్తే నీళ్లుంటాయి, ఇక్కడ లేచింది, కాబట్టి ఇక్కడ నీళ్లున్నాయి' అనడం నిగమనం. ఈ రెండోదాంట్లో తప్పేమీ లేదు. తేడా వస్తే 'కాయ లేస్తే నీళ్లుంటాయి' అన్న మొదటి వాక్యంలోనే రావాలి. దాన్ని ఎలా పరీక్షించాలి?

ఇంగ్లండ్ మనస్తత్వవేత్త పీటర్ వేసన్ 1966లో నాలుగు కార్డుల పరీక్ష ఒకటి బయటపెట్టాడు. మన అక్షరాల్లో చెబుతాను. బల్ల మీద అ, క, 4, 7 కార్డులున్నాయి. ప్రతి కార్డుకూ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. నియమం ఇదీ: ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలి. ఇది నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పాలి? ఎక్కువమంది అ, 4 అంటారు. తిప్పాల్సినవి అ, 7. ఏడు వెనక అచ్చు కనిపిస్తే నియమం పోయినట్టే. నాలుగు వెనక ఏమున్నా దానికి నష్టం లేదు. ఇలాంటి అక్షరాల, అంకెల పరీక్షల్లో సరిగ్గా చెప్పేవాళ్లు పదిమందిలో ఒకరుంటే గొప్ప.

మామ లెక్కపెట్టినవి నాలుగు కార్డులాంటివి, అంటే నీళ్లు పడిన బోర్లు. ఏడు అంటే ఎండు బోరు. ఎండిన బోర్ల దగ్గరికి పోయి, 'ఇక్కడ కాయ లేచిందా?' అని అడిగినవాళ్లు లేరు.

మన నైయాయికులకు, అంటే పాతకాలపు న్యాయశాస్త్ర తార్కికులకు, ఈ సంగతి తెలుసు. పొగ ఉన్నచోట నిప్పుంటుందనడానికి వంటింటిని చూపి ఊరుకోలేదు, మడుగునూ చూపారు: అక్కడ నిప్పూ లేదు, పొగా లేదు. (అనంతపురంలో మడుగెక్కడ దొరుకుతుందంటారా, అది వేరే బాధ.)

మనకు తర్కమే రాదనుకోవద్దు. 1982లో గ్రిగ్స్, కాక్స్ అనే ఇద్దరు పరిశోధకులు అదే పరీక్షను మార్చి ఫ్లోరిడా విద్యార్థులకిచ్చారు. ఒక్కో కార్డుకు ఒకవైపు మనిషి తాగేది, రెండోవైపు వయసు. అక్కడ అప్పటి నియమం: బీరు తాగేవాళ్లకు 19 ఏళ్లు నిండాలి. ఎవరెవరిని తనిఖీ చేయాలి? బీరు తాగుతున్నవాణ్ని, 16 ఏళ్లవాణ్ని అని నూటికి 70 మందికి పైగా సరిగ్గా చెప్పారు. తెలిసిన కట్టుబాటును ఎవరైనా తప్పుతున్నారేమో చూడమంటే మన కన్ను ఏడు మీదికి దానంతటదే పోతుంది. నమ్మకం దగ్గరికొచ్చేసరికి పోదు.

ఇంకో చిక్కుంది. మా వైపు నేల కింద గట్టి రాయి, నీళ్లుండేది దాని పగుళ్లలో. పగులు తగిలితే ఎక్కడేసినా నీళ్లు పడొచ్చు. కాయ గొప్పతనం తెలియాలంటే అది లేవని చోట కూడా వేసి చూడాలి.

నాలుగో బోరు ఆరు వందల అడుగులు పోయినా దుమ్మే లేచింది. బోరు బండిని గజం పక్కకు నిలిపారని పాయింట్ ఆయన అన్నాడు, మామ ఒప్పుకున్నాడు. ఈసారి కాయ పడుకున్నచోట వేద్దామా అని అడిగాను.

"ఆ దుడ్డు నువ్విస్తావా?" అన్నాడు మామ.